ఇంజన్ ముక్కుకు ఇంటివైద్యం

అమెరికాలో పాత డీజిల్ పికప్ ట్రక్కు చేతికొచ్చిన యజమాని బానెట్ ఎత్తితే ముందుగా చెయ్యి వేసే వాటిలో గాలి గొట్టం ఒకటి. కంపెనీ బిగించిన ప్లాస్టిక్ పెట్టెను ఊడబీకి, ఒక పెద్ద ఫిల్టరూ లావుపాటి పైపూ తగిలిస్తాడు. ఈ అలవాటు ఎక్కణ్ణించి వచ్చిందంటే చాలామంది రేసు కార్ల వైపు వేలు చూపిస్తారు. 1966లో ఓల్డ్స్‌మొబైల్ డబ్ల్యూ-30 ప్యాకేజీ కారుకు ముందు బంపర్ దగ్గర్నుంచి చల్లగాలిని కార్బురేటర్‌కు చేర్చే గొట్టాలు అమర్చిన మాట నిజమే. అయితే అది పెట్రోలు కార్ల వంశం. డీజిల్ ట్రక్కు వంశవృక్షాన్ని తవ్వుకుంటూ పోతే వేళ్లు రేసు ట్రాకులో తేలవు, పొలం దుమ్ములో తేలతాయి.

తొలినాళ్ల ట్రాక్టర్లు దున్నేటప్పుడు లేచే ధూళిని నేరుగా మింగేవి. మన్నులోని సిలికా రేణువులు పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య చేరి, ఇనుమును ఆకురాయిలా అరగదీసేవి. 1915లో ఫ్రాంక్ డొనాల్డ్‌సన్ అనే ట్రాక్టర్ల అమ్మకందారు యూటాలో ఒక రైతు ట్రాక్టర్ పదేపదే పాడవడం గమనించి, తీగల పంజరానికి గుడ్డ చుట్టి గాలి దారికి అడ్డం పెట్టాడు. ఈనాటి పెద్ద ఫిల్టర్ కంపెనీ డొనాల్డ్‌సన్ మొదలైంది అక్కడే. అంటే ఫ్యాక్టరీ ఫిల్టరుకు పూర్వీకుడే ఒక నాటు అమరిక! ఆ తరవాత గాలిని నూనె మీదుగా పోనిచ్చి ధూళిని పట్టే ఆయిల్ బాత్ క్లీనర్లు వచ్చాయి. మన పల్లెల్లో పాత ట్రాక్టర్లు నడిపినవాళ్లకు ఆ నూనె గిన్నె కడగడం బాగా తెలిసిన పనే. వాటి చోటును క్రమంగా మడతల కాగితం ఫిల్టర్ ఆక్రమించింది.

దుమ్ముకే ఇంత పెద్దపీట ఎందుకు వేయాలంటే, డీజిల్ ఇంజన్ తీరు వేరు గనక. పెట్రోలు ఇంజన్లో గాలికి తగ్గట్టు ఇంధనం కలుస్తుంది. గాలి పెరిగితే శక్తీ పెరుగుతుంది. డీజిల్‌లో శక్తిని తేల్చేది ఇంజెక్టర్ చిమ్మే ఇంధనం. కిలో డీజిల్ మండడానికి సుమారు 14.5 కిలోల గాలి చాలు, ఇంజన్ మామూలుగా అంతకంటే ఎక్కువే పీలుస్తుంది. కాబట్టి ఇంధనం పెంచకుండా గొట్టం ఒక్కటే మార్చితే, మామూలు ట్రక్కులో శక్తి చెప్పుకోదగ్గంత పెరగదు. పెరిగిందనిపించేది చాలాసార్లు చప్పుడే. పెట్టె తీసేశాక, ఇంజన్లోకి గాలిని నెట్టే టర్బో ఈల స్పష్టంగా వినిపిస్తుంది, చెవి దాన్ని వేగమని నమ్ముతుంది. దుమ్ము లెక్క అలా భ్రమ కాదు. 7.3 లీటర్ల ఇంజన్ నిమిషానికి 2,800 చుట్లు తిరిగితే టర్బో ఊసు లేకుండానే దాదాపు 10,000 లీటర్ల గాలి కావాలి. అంత గాలి లాగేటప్పుడు ఒక సన్నని సందులోంచి ఎంత మట్టి దూరగలదో ఊహించవచ్చు.

ఆ 7.3 ఇంజన్ కథే దీనికి మంచి సాక్ష్యం. నేవిస్టార్ తయారుచేసిన ఈ పవర్ స్ట్రోక్ డీజిల్ 1994 నుంచి 2003 దాకా ఫోర్డ్ ట్రక్కుల్లో నడిచింది. 1999 తరవాతి సూపర్ డ్యూటీ మోడళ్లలో గాలి పెట్టె మూత గట్టిగా కూర్చోదని, అంచుల్లోంచి ధూళి దూరుతుందని యజమానులు కనిపెట్టారు. టర్బో చక్రం రెక్కల అంచులు అరిగిపోవడం, ఆయిల్‌ను ల్యాబుకు పంపితే సిలికాన్ ఎక్కువగా తేలడం వాళ్లకు రుజువులు. విరుగుడుగా నాపా అనే విడిభాగాల దుకాణాల్లో దొరికే 6637 నంబరు ఫిల్టర్ తెచ్చుకున్నారు. పెట్టె అక్కర్లేని పెద్ద కాగితం ఫిల్టర్ అది. పైపుల దుకాణంలో రబ్బరు కప్లర్, రెండు క్లాంపులు కొంటే పని అయిపోయేది. డాడ్జ్ ట్రక్కుల్లోని కమిన్స్ 5.9 లీటర్ల ఇంజన్‌కూ అలాగే ఫ్లీట్‌గార్డ్ వారి భారీ ఫిల్టర్ తగిలించుకున్నారు. గమనించండి, ఈ రెండు ప్రసిద్ధ నాటు వైద్యాల్లోనూ ఎంచుకున్నది మడతల కాగితాన్నే. గాలిని సులువుగా వదిలే పలచని నూనె గుడ్డ ఫిల్టర్ల జోలికి పోలేదు.

బానెట్ కింద బాహాటంగా ఉన్న ఫిల్టర్ వేడిగాలి పీల్చదా అన్నది గట్టి ఆక్షేపణే. గాలి 30 డిగ్రీలు వేడెక్కితే సాంద్రత సుమారు పదో వంతు పడిపోతుంది. టర్బో తరవాత గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్ కొంత సర్దినా నష్టం పూర్తిగా పూడదు. అందుకే జాగ్రత్తపరులు రేకు అడ్డం పెడతారు, గ్రిల్ వెనక ప్లాస్టిక్ కోసి బయటి గాలికి దారిస్తారు. అయినా కొద్దిపాటి శక్తి పోవడానికీ ఇంజనే పోవడానికీ పోలిక లేదు. ఇదంతా కంపెనీ ఇంజనీర్లకు తెలియదా అంటే, తెలుసు. కానీ వాళ్లు చప్పుడు, ఖర్చు, నీళ్లు, జాగా అన్నీ ఒకే పెట్టెలో ఇమడ్చాలి. యజమానికి ఆ బరువులు లేవు. అలాగని ప్రతి నాటు పనినీ వెనకేసుకు రాలేం. ఫిల్టర్ ఎంత మంచిదైనా క్లాంపు వదులైతే పాత పెట్టె కన్నా హీనం. మాటిమాటికీ విప్పి దులపడమూ చేటే. ఫిల్టర్ కొంత మురికి పట్టాకే ఇంకా సన్నటి ధూళిని ఆపుతుంది, విప్పిన ప్రతిసారీ లోపలికి కాస్త మట్టి రాలుతుంది.

ఇలా గొట్టం మార్చుకునే స్వేచ్ఛ దక్కింది పాత ఇంజన్లకే. 7.3కు గాలి ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ లేదు గనక పైపు వ్యాసం మారినా కంప్యూటర్ పట్టించుకోదు. 2003 మోడల్లో వచ్చిన 6.0 లీటర్ల పవర్ స్ట్రోక్‌కు ఆ సెన్సర్ ఉంది. ఫ్యాక్టరీ గొట్టం కొలతకే అది లెక్క కడుతుంది, ఫిల్టర్ నూనె అంటితే తప్పు చెబుతుంది. దీనికితోడు కాలిఫోర్నియాలో బజారు ఇన్‌టేక్ కిట్‌కు సైతం అక్కడి గాలి వనరుల బోర్డు మినహాయింపు నంబరు ఉండాలి. పైపుల దుకాణంలో కొన్న కప్లర్‌కు ఆ నంబరు ఎక్కణ్ణుంచి వస్తుంది?