కడుపునొప్పి తాళలేక... ఆ లైన్ వెనకాల ఏముంది?

ఇంట్లో పేపర్ జిల్లా పేజీ చదివి పెరిగినవాళ్లకు ఒక లైన్ బాగా గుర్తుంటుంది. 'కడుపునొప్పి తాళలేక ఆత్మహత్య'. నిజంగా జబ్బుతో నలిగిపోయినవాళ్లు ఉంటారు, కాదనను. కానీ ఇన్ని కడుపునొప్పులా?

1860లో బ్రిటిష్ వాళ్లు తెచ్చిన ఐపీసీలో సెక్షన్ 309 ఉండేది. ప్రాణం తీసుకోబోయి బతికితే ఏడాది దాకా జైలు! అంటే మనిషిని ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడే ఇంట్లోవాళ్లకు స్టేషన్ భయం. మనిషి పోయినా అంతే. అప్పు అనో, కట్నం అనో చెబితే కేసు ఇంకెవరి మెడకో చుట్టుకుంటుంది. కడుపునొప్పి అంటే ఎవరికీ ఇబ్బంది లేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాకే, అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టు భావించాలి, శిక్షించకూడదు అన్నారు.

ఎన్‌సీఆర్‌బీ లెక్కలూ పోలీసు రికార్డుల నుంచే వస్తాయి. 2021లో దేశమంతా 1,64,033 మంది. కారణం కాలమ్‌లో 'కుటుంబ సమస్యలు' 33.2 శాతం. అదే రిపోర్టులో ఇంకో టేబుల్ చూడండి: పోయినవాళ్లలో దాదాపు నలుగురికి ఒకరు రోజుకూలీ. పని దొరక్క ఇంట్లో గొడవైతే దాన్ని ఏ కాలమ్‌లో రాస్తారు? కుటుంబ సమస్యే కదా. నాకైతే మొదటి టేబుల్ కంటే రెండోదే ఎక్కువ నిజం చెబుతుంది అనిపిస్తుంది.

ఫ్రాన్స్‌లో ఎమిల్ దుర్ఖైమ్ 1897లోనే దీనిమీద పుస్తకం రాశాడు. అధికారులు రాసే కారణాలను ఆయన నమ్మలేదు. ఎవరు, ఏ మతం, పెళ్లయిందా, పిల్లలున్నారా అని చూశాడు. చుట్టూ మనుషులతో ముడి వదులైన చోట మరణాలు పెరుగుతాయని తేల్చాడు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. 2021లో దేశం సగటు లక్షకు 12 అయితే, 53 పెద్ద నగరాల్లో 16.1. చెన్నైలో 2,699 మంది, బెంగళూరులో 2,292 మంది. చిత్తూరు, తిరుపతి పిల్లలు చదువు అయ్యాక బస్సెక్కేది ఈ రెండు ఊళ్లకే కదా! ఇక్కడైతే రెండు రోజులు కనపడకపోతే పక్కింటి అత్త తలుపు కొడుతుంది. అక్కడ పీజీలో రూమ్మేట్‌కి ఇంటిపేరు కూడా తెలీదు.

చెన్నైలోనే ఇంకో కథ ఉంది. డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ 1986లో అక్కడ స్నేహ అనే సంస్థ పెట్టారు. పరీక్ష తప్పిన పిల్లలకు ఏడాది పోకుండా వెంటనే సప్లిమెంటరీ పెట్టండి అని అడిగినవాళ్లలో ఆమె ఒకరు. తమిళనాడు పెట్టింది. ఆ తర్వాత ఫెయిలై చనిపోయే పిల్లలు తగ్గారని ఆమె చెబుతుంటారు. పిల్లల మనసులు మారలేదండీ, పరీక్ష తేదీ మారింది.

ఇది వింటూ మీకే బరువుగా ఉంటే 14416కి చేయండి. టెలీ మానస్, ఫ్రీ, రాత్రీపగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.