కాపలా లీకైన కథ
మెమరీ లీకంటే వాడిన చోటు తిరిగివ్వకపోవడమేగా, మహా అయితే సర్వర్ పడుకుంటుంది అనుకుంటాం. 2015 ఏప్రిల్‌లో, ఇంకో నెలలో రస్ట్ 1.0 వస్తుందనగా, దాని ప్రామాణిక లైబ్రరీలో బయటపడ్డది అంతకన్నా ప్రమాదకరం. పిల్ల థ్రెడ్ ముగిసేదాకా తల్లి థ్రెడ్‌ని ఆపే కాపలా ఒకటుండేది. ఆపే పని దాని డిస్ట్రక్టర్‌ది. ఎందరు వాడుతున్నారో లెక్కపెట్టే ఆర్‌సీ పాయింటర్లు ఒకదాన్నొకటి పట్టుక్కూచుంటే లెక్క సున్నాకి రాదు, డిస్ట్రక్టర్ నడవదు. కాపలా ఆ చుట్టులో చిక్కుకుందా, తల్లి వెళ్ళిపోతుంది; పిల్ల మాత్రం ఖాళీ అయిన స్టాక్‌ని తడుముతూనే ఉంటుంది.

లీక్‌ని నిషేధించలేదు. లీకవడం కూడా ‘సేఫ్’ కిందికే వస్తుందని ఒప్పుకుని, ఆ థ్రెడ్ సదుపాయాన్నే తీసేశారు. విడుదల ముంగిట అలా ఒప్పుకోవడం నాకు భలే నచ్చుతుంది. 2022లో, 1.63తో, ఆ సదుపాయం క్లోజర్ రూపంలో తిరిగొచ్చింది. ఈసారి కాపలాని ప్రోగ్రామర్ చేతికివ్వలేదు, లైబ్రరీయే తన దగ్గర పెట్టుకుంది.