నరం లేచిన రాజు

నెగడు కాస్త ఎగదొయ్యరా గుంటడా. పుష్యమాసం చలి, కబుర్లు చెబుదామంటే పళ్ళు టకటకలాడుతున్నాయి. అమ్మీ, పొయ్యి పైన అటక మీద వెదురు గొట్టం ఉంది, దించుకు రా. మూత మెల్లగా తియ్యి. దూది కింద ఉన్నవన్నీ నా నాణేలే. బంగారం ఒక్కటీ లేదు, వెండిదైనా ఒక్కటే. మిగతావి రాగి, ఇత్తడి, సత్తు, స్టీలు. ఒక్కోదాని మీద ఒక్కో చిన్న తప్పు ఉంది. ఆ తప్పు కోసమే అరవై ఏళ్ళ పైనుంచి ఏరుతున్నాను.

ఎందుకు తాతా అంటే, సరదా. అంతకంటే పెద్ద మాట నా దగ్గర లేదు. ఆ సరదా ఎక్కడ పుట్టిందో మాత్రం చెప్తాను.

మా నాయనమ్మ మెడలో రూపాయల దండ ఉండేది. అప్పట్లో ఈ కొండల్లో బ్యాంకులెక్కడివి? పసుపు, పిప్పళ్ళు, చింతపండు, అడ్డాకులు సంతలో అమ్మగా ఒక రూపాయి మిగిలితే, దానికి కంసాలి చేత కొండి అతికించి దారానికి ఎక్కించడమే దాచుకోవడం. మా కొండదొరల్లోనే కాదు, గదబ, పోర్జ ఆడవాళ్ళ మెడల్లోనూ ఇవే. ధింసా ఆడేటప్పుడు ఆ దండల చప్పుడు వింటే ఏ ఇంట ఎంత మిగిలిందో తెలిసిపోయేది. నాయనమ్మ దండలో పదిహేడు రూపాయలు. ఆమెకు అక్షరాలు రావు, అంకెలు రావు. రాణీ, గడ్డం రాజు, గడ్డం లేని రాజు అని ముఖాలు పట్టి చెప్పేది.

గడ్డం లేని రాజు ఒకడి మీద, కిరీటం అంచు నుంచి చెవి పక్కగా మెడదాకా సన్నటి గీత ఉండేది. వెంట్రుక మందం, అంతే. రాత్రిళ్ళు నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని కథ చెబుతూ, బొటనవేలితో ఆ గీతనే రాస్తూ ఉండేది. ‘ఈ రాజుకి మెడనరం లేచిందిరా’ అనేది.

ఒక ఏడు చోళ్ళు పండలేదు. దండ పల్లపు సావుకారి దగ్గర తాకట్టుకెళ్ళింది. ఆయన పేరు ఇప్పుడు మనకొద్దు. రెండేళ్ళు గడిచాక వడ్డీతో సహా కట్టి విడిపించాం. మా అయ్య లెక్కపెట్టాడు, పదిహేడూ ఉన్నాయి. తూచి చూశాడు, తూకం సరిపోయింది. నాయనమ్మ మెడలో వేసుకుని నాలుగడుగులు వేసింది. ఆగింది. బొటనవేలు దండ చుట్టూ ఒకసారి తిరిగొచ్చింది.

‘నా నరం రాజు లేడు’ అంది.

తూకం ఎందుకు తేడా రాలేదో నాకు చాలా ఏళ్ళకు గాని తెలియలేదు. ఆమె రూపాయి 1938 నాటిది, ఆరో జార్జి బొమ్మది. తులం బరువు, అంటే 11.66 గ్రాములు, అందులో నూటికి దాదాపు 92 పాళ్ళు వెండి. యుద్ధం వచ్చి వెండికి కరువైతే 1940 నుంచి సర్కారు రూపాయిలో సగమే వెండి వేసింది. బరువు అదే, రాజూ అతడే. చదువొచ్చినవాడికి బొరుసు వైపు సంవత్సరం చూస్తే తెలుస్తుంది. మా ఇంట్లో చదివేవాళ్ళెవరు? మంచి వెండిది తీసి, సగం వెండిదానికి కొండి అతికించి ఎక్కించారు.

సావుకారి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. పొరపాటున కలిసిపోయి ఉంటుందని ఆయన సంచి విప్పి రూపాయలు కుమ్మరించాడు. యాభై పైనే ఉంటాయి. నాయనమ్మ కళ్ళు మూసుకుంది. ఒక్కోటీ తీసుకుని బొటనవేలితో తడిమి పక్కన పెడుతూ పోయింది. అరుగు మీద ఒక్క మాట లేదు. సగం కుప్ప అయ్యాక ఒక దాన్ని పిడికిట్లో బిగించి లేచి నిలబడింది. చూస్తే కిరీటం నుంచి మెడదాకా గీత, పైన కొండి ఊడదీసిన మచ్చ. పెద్దలు ఇంకేం మాట్లాడలేదు.

అప్పుడు నాకు పదేళ్ళు లేవు. ఆ గీత ఏమిటో తెలుసుకోవాలన్న పిచ్చి ఆ అరుగు మీదే పట్టుకుంది.

మీరూ తెలుసుకోండి. నా మడమ చూడండి, ఎలా పగిలిందో. ఈ కాలు తడి మట్టిలో వేస్తే, పగులున్నచోట మట్టి ఎలా వస్తుంది? లోతుగా కాదు, గట్టులా పైకి లేస్తుంది. నాణెమూ అంతే. టంకశాలలో ఉక్కు అచ్చులు రెండుంటాయి, బొమ్మకొకటి, బొరుసుకొకటి. మధ్యలో బిళ్ళ పెట్టి గట్టిగా నొక్కుతారు. లక్షల దెబ్బలు తిన్న అచ్చు అలిసి ఎక్కడో చీలుతుంది. ఆ చీలికలోకి లోహం దూరి నాణెం మీద గీతగా లేస్తుంది. అందుకే గోరుతో చూడాలి. గీత లోపలికి దిగి ఉంటే ఎవడో గీరినది, నాకక్కర్లేదు. పైకి లేచి ఉంటే అది పుట్టుకతో వచ్చింది.

నాణేలు నా చేతిలో ఎక్కువగా ఆడటం 1957లో మొదలైంది. ఏప్రిల్ 1 నుంచి నయా పైసలొచ్చాయి. రూపాయికి పదహారణాలు పోయి నూరు పైసలు. అణాకి ఆరుంపావు పైసలు రావాలి, పావు పైసా ఎక్కడుంది? అణాకి ఆరే ఇచ్చేవారు, పావలాకి మాత్రం ఇరవై అయిదు. అణా చొప్పున నాలుగుసార్లు అమ్మినవాడికి ఒక పైసా పోయేది. సంతంతా ఆ పైసా గొడవే. రెండు తరగతులు చదివానని మా ఊరివాళ్ళు చిల్లర లెక్కకి నన్ను కూర్చోబెట్టేవారు. తర్వాత కొత్తవలస–కిరండూల్ రైలు లైను పడింది, బైలదిల్లా ఇనుపరాయి జపానుకు పంపడానికి. శిమిలిగుడ వైపు సొరంగాల పనికి కూలికెళ్ళాను. కూలి చిల్లర చేతిలో పడగానే అందరూ లెక్కపెట్టుకునేవారు, నేను గోరుతో తడుముకునేవాణ్ణి.

ఇదిగో, ఇది యుద్ధకాలపు చిల్లి కాణీ, చిల్లి ఒక పక్కకి జరిగిపోయింది. అది అచ్చు తప్పు కాదు, చిల్లి కొట్టడంలో తప్పు. అయినా ముద్దొచ్చి ఉంచాను. ఈ స్టీలు పావలా అంచున బుడిపె చూశారా, అచ్చు మూల విరిగి ఊడిపోతే ఆ ఖాళీలోకి లోహం పొంగింది. ఈ రూపాయి మీద సింహాల చుట్టూ ఏదో నీడ ఉంది. నడుమ బిళ్ళ లేకుండా అచ్చులు రెండూ ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆ మచ్చ తర్వాతి నాణేలకు అంటింది. ఈ రెండు రూపాయల బిళ్ళ మీద ఒక అక్షరం లేదు, అచ్చులో జిడ్డు పేరుకుంది.

అన్నిట్లోకీ నాకు ఇష్టమైనవి ఈ రెండు సత్తు పది పైసలు, పూరేకుల అంచువి. సంవత్సరం ఒకటే. కింద నక్షత్రం ఉంది, అంటే హైదరాబాదు టంకశాలవి. నిజాం కాలంలో 1803లో మొదలైన టంకశాల అది, 1903లో సైఫాబాదుకు, 1997లో చర్లపల్లికి మారింది. రెండింటి మీదా ఒకేచోట పగులు. ఒకదాని మీద గింజంత, రెండోదాని మీద అంచుదాకా. ఒకే అచ్చులో పుట్టిన అప్పాచెల్లెళ్ళు ఇవి. పగులు పెరుగుతుందే గాని తరగదు కదా, కాబట్టి గింజంత పగులుదే అప్ప. మొదటిది దొరికిన పదకొండేళ్ళకు రెండోది దొరికింది. ఆ రోజు నాకు అన్నం దిగలేదు.

బొమ్మ చెక్కినవాడి తప్పు వేరు. 1911 రూపాయి మీద అయిదో జార్జి అంగీ పైన ఏనుగును చెక్కితే, తొండం పొట్టిదై పందిలా కనిపించింది. ముస్లిములు నొచ్చుకున్నారు. 94 లక్షలు కొడితే 7 లక్షలు బయటికొచ్చాయి, మిగతావి కరిగించేశారు. 1912లో తొండం సరిచేశారు. ‘పంది రూపాయి’ అని దాని కోసం జనం వెతుకుతారు. నాకు మాత్రం నా పగుళ్ళు చాలు.

ఇవి ఎవరికీ అమ్మకండి. అమ్మినా ఏమీ రాదు, పావలా అయితే 2011 జూన్ 30 నుంచి చెల్లదు కూడా. పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి అని ఫోన్లొస్తాయి. మన పక్క ఊరి కుర్రాడు అలాగే కట్టి పోగొట్టుకున్నాడు. అలాంటివాళ్ళను నమ్మొద్దని రిజర్వు బ్యాంకే 2021లో చెప్పింది.

నాయనమ్మ పోయాక దండ విప్పి ఆడపిల్లలకు పంచారు. నేను ఒక్క రూపాయే అడిగాను. ఇదిగో, చెయ్యి చాపు. కళ్ళు మూసుకో. కిరీటం దగ్గర మొదలుపెట్టి కిందికి రా. దొరికిందా? అదే ఆ నరం. చూశాక నీ చెల్లికివ్వు, జాగ్రత్త, నెగడులో పడేసేరు. ఇక నుంచి సంతలో మీకొచ్చిన చిల్లర నాకు ఒకసారి చూపించకుండా ఖర్చు పెట్టకండి.