మందు దొరికే తుపాకి

హైదరాబాద్ రాజ్యంలో ఆపదకు అక్కరకొస్తుందని జనం ఇళ్లలో దాచుకున్న తుపాకులలో అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలిచింది భర్మారు. నింపి కొట్టేది అని ఆ హిందుస్తానీ మాటకు అర్థం. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుడ్డపేలిక కుక్కి, గుండు జార్చి, గజంతో దట్టించాలి. ఒక్కసారి పేలితే మళ్లీ మొదటికే. వానలో మందు తడిస్తే అది ఉత్త గొట్టం. ఇన్ని లోపాలున్నా జనం దాన్ని వదల్లేదంటే కారణం దాని తిండి. సీసం గుండు లేకపోతే ఇనుప ముక్కలు, అవీ లేకపోతే గులకరాళ్లు. మందులో కలిసేవి సురేకారం, బొగ్గు, గంధకం. సురేకారం పాత మట్టిగోడల దగ్గర, పాటిదిబ్బల మీద దొరికే మన్నులోంచి తీసేవారు. బొగ్గుకు కొదవ లేదు. అంగడికి పోయి కొనాల్సింది గంధకమే. ఎంత గొప్ప తుపాకి అన్నది కాదు, దానికి మేత ఎక్కడినుంచి వస్తుందన్నదే ఈ ప్రాంతపు తుపాకి చరిత్రను నడిపించింది.

పాలకులకూ ఇదే లెక్క. రెండవ అసఫ్‌జా నిజాం అలీ ఖాన్ కొలువులో చేరిన ఫ్రెంచి సేనాని మిషెల్ రేమాన్ 1795లో హైదరాబాద్‌లో ఫిరంగులు పోతపోసే కార్ఖానా కట్టించాడు. జనం దాన్ని తోప్ కా సాంచా అన్నారు, అబిడ్స్ పక్కన గన్‌ఫౌండ్రీ అన్న పేటకు పేరు అక్కడిదే. ఆయుధాలు బయటినుంచి తెప్పించుకుంటే బయటివాడికి లోబడాలని రేమాన్‌కు బాగా తెలుసు. 1798 మార్చిలో అతను చనిపోయాడు. ఆ సెప్టెంబరులో నిజాం ఇంగ్లీషువారితో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు, అక్టోబరులో రేమాన్ పెంచిన దళాల చేత ఆయుధాలు దింపించారు.

సర్కారు సైన్యం బలహీనపడ్డా ఊళ్లలో తుపాకులు తగ్గలేదు. ఇప్పుడు విమానాశ్రయమున్న శంషాబాద్ అప్పట్లో పాయెగా ప్రభువుల జాగీరు, ఆ ఊరి పేరు వారి షంసుల్ ఉమ్రా బిరుదునుంచి వచ్చింది. నిజాం కోసం సొంత దళాలను పోషించడం పాయెగాల బాధ్యత, దానికి ప్రతిఫలమే జాగీర్లు. వీరి సిబ్బంది కాక అరబ్బులు, రోహిల్లాలు కూడా కావలి పనిలో ఉండేవారు. చాంద్రాయణగుట్ట దాటాక విమానాశ్రయం వైపు పోయే దారిలో తగిలే బార్కస్, బ్యారక్స్ అన్న మాట నలిగి ఏర్పడిన పేరు, అరబ్బు సిపాయిల విడిది. వత్తి అంటించి పేల్చే తోడేదార్, టోపీ పెట్టి పేల్చే టోపీదార్, నడుముకు జంబియా కత్తి: రాజధానిలోనూ గడీల ముందూ కనిపించిన సరంజామా ఇది.

ఫిరంగి ముందు ఈ సరంజామా ఎంతవరకు ఆగుతుందో 1857 జులై 17న కోఠీ దగ్గర తేలింది. మౌల్వీ అలావుద్దీన్, తుర్రెబాజ్ ఖాన్ నాయకత్వంలో రోహిల్లాలు ఇంగ్లీషువారి రెసిడెన్సీ మీదికి దూసుకెళ్లి, ఎదురుగా ఉన్న ఇళ్లలోంచి తుపాకులు పేల్చారు. రెసిడెన్సీ ఫిరంగులు వాళ్లను వెనక్కి నెట్టాయి. మౌల్వీని అండమాన్‌కు పంపారు. తుర్రెబాజ్ ఖాన్‌ను 1859లో తూప్రాన్ దగ్గర చంపారు.

ఆ తర్వాత తూటా తుపాకులు వచ్చాయి. వెనకనుంచి తూటా దూర్చే ఆ తుపాకి చకచకా పేలుతుంది, తడికి వెరవదు. కానీ తూటాను ఊరి కమ్మరి చెయ్యలేడు. అది కార్ఖానాలో పుట్టాలి, సర్కారు ఒప్పుకుంటేనే చేతికి రావాలి. దొరలకు, అమీర్లకు తూటా తుపాకి అమరింది. మిగిలినవారి పాలికి భర్మారే.

ఈ తేడా తెలంగాణ సాయుధ పోరాటంలో ప్రాణాల మీదికి వచ్చింది. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపి దొడ్డి కొమరయ్యను చంపినప్పుడు ఊరివాళ్ల చేతుల్లో ఉన్నవి కర్రలే. దొరలను ఎదిరించిన రైతుల సంఘాన్ని జనం గుత్పల, అంటే దుడ్డుకర్రల, సంఘమనే పిలిచారు. వడిసెల రాయి, కారప్పొడి కూడా ఆయుధాలే ఆ రోజుల్లో. 1947 సెప్టెంబరు 11న రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ సాయుధ పోరుకు పిలుపునిచ్చాక గడీలలో, పటేళ్ల ఇళ్లలో ఉన్న తుపాకులు దళాల చేతికి మారాయి. పోలీసులనుంచి లాక్కున్న త్రీనాట్‌త్రీ రైఫిళ్లూ చేరాయి. రైఫిలు దొరకడం ఒక ఎత్తు, దానికి తూటాలు దొరకడం ఇంకో ఎత్తు. ఆ చిక్కు లేనిది భర్మారుకే. భైరాన్‌పల్లి యువకులు బురుజు మీద భర్మార్లు పెట్టుకుని రజాకార్లను అడ్డుకోగలిగారు. 1948 ఆగస్టు 27న నిజాం సైన్యం ఫిరంగులతో వచ్చాక బురుజు నిలవలేదు, ఆ ఒక్క ఊళ్లో 90 మందికి పైగా హతులయ్యారు.

మేత కొరత అటు నిజాం సర్కారుకూ తప్పలేదు. భారత యూనియన్ హైదరాబాద్ మీద దిగ్బంధం విధించడంతో ఆస్ట్రేలియా వైమానికుడు సిడ్నీ కాటన్ కరాచీ నుంచి లాంకాస్ట్రియన్ విమానాల్లో రాత్రిపూట ఆయుధాలు మోసి బీదర్, వరంగల్ రన్‌వేల మీద దించాడు. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం మొదలుపెట్టిన పోలీసు చర్య 17కల్లా ముగిసింది. కాటన్‌కు తర్వాత ఇంగ్లండులో జరిమానా పడింది. 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయ్యాయి, శంషాబాద్ పాయెగా ఏలుబడీ వాటితోనే పోయింది.

1959 ఆయుధ చట్టం 1962 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. చిత్రమేమంటే అది కూడా భర్మారును గుర్తుంచుకుంది. పంట కాపలాకు మూతినుంచి నింపే తుపాకికీ, ఆత్మరక్షణకో వేటకో 20 అంగుళాలకు తగ్గని గొట్టమున్న నునుపు తుపాకికీ లైసెన్సు ఇవ్వడంలో ఆ చట్టం సడలింపు చూపింది. మిగతా తుపాకులకు సరైన కారణం చూపాలి. సైన్యం, పోలీసులు వాడే తూటా పట్టే త్రీనాట్‌త్రీ, 9 మిల్లీమీటర్లు, .38, .455 మామూలు పౌరులకు నిషిద్ధం. ఇషాపూర్‌లో .315 వేట రైఫిలు, కాన్పూర్‌లో .32 రివాల్వరు తయారవడం ఈ కట్టడి వల్లే. అంటే కొనేవాడి ఎంపికను తుపాకి కన్నా ముందు తూటాయే తేల్చేస్తుంది. ఎన్ని తూటాలు కొనవచ్చో, ఎన్ని దగ్గర ఉంచుకోవచ్చో లైసెన్సు మీదే రాసి ఉంటుంది. ఒక మనిషికి మూడు తుపాకుల పరిమితిని 2019 సవరణ రెండుకు దించింది. ఎన్నికలప్పుడు పోలీసులు లైసెన్సు తుపాకులను డిపాజిట్ చేయించుకోవడం ఆనవాయితీ. గొడవలు జరిగే అవకాశం ఎక్కువున్న ఆ రోజుల్లోనే ఆత్మరక్షణ ఆయుధం ఠాణాలో ఉంటుందన్నమాట.

ఈ తూటా లెక్క విమానం ఎక్కేచోటా కనిపిస్తుంది. శంషాబాద్‌లో పాయెగాల పాత జాగీరు నేల మీద 2008 మార్చి 23న రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం నడక మొదలుపెట్టింది. ప్రయాణికుడి వెంట క్యాబిన్‌లోకి తుపాకీ రాదు, తూటా రాదు. లైసెన్సు చూపి, ముందుగా చెప్పి, తూటాలు తీసిన తుపాకిని లగేజీలో వేయాలి. అంతర్జాతీయ విమానయాన నిబంధన ప్రకారం తూటాలు ఒక్కొక్కరికి 5 కిలోలు మించకూడదు. విమానాశ్రయ భద్రత చూసే సీఐఎస్ఎఫ్ సిబ్బంది ఎక్స్‌రే తెర మీద తుపాకి లేకుండా ఒంటరిగా కనిపించే తూటా మరో చిక్కు. పాత సంచి అడుగున మరిచిపోయిన ఒక్క తూటా ఉన్నా ఆయుధ చట్టం కింద కేసే. అది తన దగ్గరుందని సొంతదారుకు తెలుసా లేదా అన్నది తర్వాత కోర్టు తేలుస్తుంది. తెలిసి దగ్గర ఉంచుకోవడమే స్వాధీనమన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1972లో గుణ్వంత్‌లాల్ కేసులో వివరించింది.