కెమేరా ముందు మనం, కెమేరా వెనక మనం



మా అమ్మ ఫోటోలు మా యింట్లో మొత్తం మూడే వున్నాయి. ఒకటి పెళ్ళి ఫోటో. రెండోది నేను కడుపులో వున్నప్పుడు పూలజడ వేసి స్టూడియోకి తీసుకెళ్ళి తీయించినది. మూడోది రేషను కార్డు కోసం తీయించిన చిన్న ఫోటో. మూడింటిలోనూ అమ్మ ఊపిరి బిగబట్టుకునే వుంది. పొయ్యి దగ్గర కూర్చున్న అమ్మ, పెరట్లో పువ్వులు కోస్తున్న అమ్మ, నా జడ అల్లుతూ నవ్విన అమ్మ ఏ ఫోటోలోనూ లేదు. 2008లో అమ్మ పోయింది. ఆ నవ్వు నాతోపాటే పోతుందేమో అని అప్పుడప్పుడూ బెంగగా వుంటుంది.

ఇదెందుకు చెబుతున్నానంటే, ఆ మధ్య మా మేనల్లుడు హైదరాబాదు నుంచి వస్తూ తన పాత కెమేరా తెచ్చి, "అత్తా, నేను అద్దం లేని కొత్త రకం కొనుక్కున్నాను, ఇది నువ్వుంచుకో" అన్నాడు. డిజిటల్ ఎస్.ఎల్.ఆర్. అంటారే, మెడలో పట్టీతో వేలాడే నల్లటి పెద్ద కెమేరా, అది. పదో తరగతితో చదువాపేసి, నలభై దాటిన నా చేతికి అది రావడం మా వీధిలో పెద్ద వింతే అయింది. "ఫోనుంది కదమ్మా, మళ్ళీ ఇదెందుకూ?" అన్నారు మా అత్తగారు.

మాట నిజమే. కాని ఫోను తన లెక్కలు తానే వేసుకుంటుంది. ఎంత వెలుతురు తీసుకోవాలో, ఎంతసేపు తీసుకోవాలో మనల్ని అడగదు. ఈ కెమేరా అడుగుతుంది. అడిగినప్పుడు జవాబు చెప్పడం నేర్చుకోవాలంటే, అసలు ఆ ప్రశ్నలు ఎక్కడ పుట్టాయో తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ కథే ఈ పూట మీతో చెప్పుకుందామని.

ఫోటో తీసే విద్య 1839లో ఫ్రాన్సులో లోకానికి వెల్లడయింది. డాగెర్ అనే ఆయన వెండి పూత పూసిన రాగిరేకు మీద బొమ్మ పడేట్టు చేశాడు. మరుసటి ఏడాదికల్లా ఆ విద్య మన దేశానికీ వచ్చేసింది. అయితే ఆ రేకుకి చూపు మందం. బొమ్మ పట్టాలంటే నిమిషాల తరబడి వెలుతురు తాగాలి. మనిషి కదిలితే మొహం చెరిగిపోతుంది. అందుకని కుర్చీ వెనకాల ఇనప కొంకి పెట్టి తల కదలకుండా పట్టి వుంచేవారు. పాత ఫోటోల్లో పెద్దవాళ్ళు కోపంగా వున్నట్టు కనిపిస్తారు చూడండి, అది కోపం కాదు పాపం, కదలకుండా కూర్చోలేక పడ్డ అవస్థ!

ఇక మన తెలుగునాటికి వద్దాం. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో రాజా దీన్‌దయాళ్ అనే గొప్ప ఛాయాచిత్రకారుడు వుండేవారు. 1844లో మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇండోరులో ఉద్యోగం చేస్తూ ఫోటోలు నేర్చుకున్నారు. పుట్టుకతో అబ్బిన విద్య కాదు, ముప్ఫయ్యో ఏట మొదలుపెట్టినదేనండీ. తర్వాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టారు. ఆయన గాజు పలకల నెగటివులు 2,857 ఇప్పుడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో భద్రంగా వున్నాయి.

మనం తెలుసుకోవలసింది ఇంకొకటి వుంది. 1892లో ఆయన హైదరాబాదులో ఆడవాళ్ళ కోసమే ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచారు. ఘోషా స్త్రీలు పరాయి మగవాడి ముందు కూర్చోరు కదా. అందుకని చుట్టూ ఎత్తయిన గోడలు కట్టించి, కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు దాన్ని అప్పగించారు. ఆలోచించండి, నూటముప్ఫయ్యేళ్ళ కిందట, మన గడ్డ మీద, కెమేరా ముందూ ఆడదే, వెనకా ఆడదే. అంటే ఈ పని మనకి చేతకానిదని ఎవరూ అనడానికి వీల్లేదు. మరి ఆ తర్వాత వందేళ్ళపాటు మన ఇళ్ళల్లో కెమేరా మగవాళ్ళ మెడలోనే ఎందుకుండిపోయింది?

ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గిపోతుందనే భయం కొంత వుండేది, నిజమే. కాని అసలు కారణం డబ్బు అని నాకనిపిస్తుంది. మా మావయ్య దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ అనే కెమేరా వుండేది. ఆ రోజుల్లో మధ్యతరగతి ఇళ్ళల్లో అదే గొప్ప. రీలుకి పన్నెండే ఫోటోలు. పన్నెండింటిలో ఒకటి పాడైతే ఇల్లంతా బాధపడేది. అందుకని, "నువ్వు ముట్టుకోకు, ఫిల్ము వేస్టవుతుంది" అనేవారు ఆడపిల్లల్ని. 1960లో మన ప్రభుత్వం ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఫ్యాక్టరీ పెట్టి, 'ఇందు' పేరుతో స్వదేశీ ఫిల్ము తెచ్చినా, కడిగించడం, ప్రింటు వేయించడం ఖర్చులోనివే. తప్పు చేయనిదే ఏ విద్యా రాదు. వంటయినా అంతే, ఎన్ని పప్పులు మాడిస్తే మనకి వంటొచ్చిందీ! తప్పు చేయడానికి డబ్బు కావలసిన చోట, ఆ తప్పు చేసే హక్కు సంపాదించేవాడికే దక్కింది.

అయినా దాన్ని దాటుకుని వచ్చినవాళ్ళున్నారు. హొమాయ్ వ్యారావాలా 1913లో గుజరాతులోని నవ్సారిలో పుట్టిన పార్సీ స్త్రీ. మన దేశంలో పత్రికలకు ఫోటోలు తీసిన మొదటి మహిళగా ఆవిణ్ణి చెప్పుకుంటారు. చీర కట్టుకుని, బరువైన కెమేరా మోసుకుని, స్వాతంత్ర్యం వచ్చిన నాటి ఢిల్లీని ఫోటోలు తీసింది. మరి మొదట్లో ఆవిడ తీసిన బొమ్మలు ఎవరి పేరున అచ్చయ్యాయో తెలుసా? భర్త పేరున! 2011లో ఆవిడకు పద్మవిభూషణ్ ప్రకటించారు. 2012లో, తొంభై ఎనిమిదో ఏట కన్నుమూసింది.

ఇక డిజిటల్ సంగతి. 1975లో అమెరికాలో కోడక్ కంపెనీ ఇంజనీరు స్టీవెన్ సాసన్ ఫిల్ము లేని కెమేరా తయారుచేశాడు. బరువు సుమారు మూడున్నర కిలోలు. ఒక్క బొమ్మని క్యాసెట్ టేపు మీదికి ఎక్కించడానికి ఇరవైమూడు సెకన్లు పట్టింది. రేడియోవాళ్ళం, ఆ క్యాసెట్లతో కాలం గడిపినవాళ్ళం కనక, ఇది చదివితే నాకు భలే ముచ్చటేసింది. 1991లో అదే కంపెనీ నికాన్ కెమేరాకి డిజిటల్ పరికరం తగిలించి అమ్మింది. దానికి తోడు భుజాన ఇంకో పెట్టె మోయాలి. 1999లో నికాన్ డి వన్, 2003లో కానన్ త్రీ హండ్రెడ్ డి వచ్చాక ధరలు దిగడం మొదలైంది. ఇప్పుడు అద్దం లేని కెమేరాలొచ్చి వీటిని వెనక్కి నెడుతున్నాయి. అందుకే నాబోటి వాళ్ళ చేతికి దొరుకుతున్నాయి.

అద్దం అంటే గుర్తొచ్చింది. పూలజడ ఫోటోలో వెనకాల అద్దం పెడతారు కదా, ముందునుంచి తీసినా జడ కనిపించాలని. ఈ కెమేరా కడుపులోనూ ఒక అద్దం ఏటవాలుగా వుంటుంది. లెన్సులోంచి వచ్చిన దృశ్యాన్ని పైకి మళ్ళించి మన కంటికి చూపిస్తుంది. మీట నొక్కగానే అది పైకి లేస్తుంది, వెలుతురు లోపలికి పడుతుంది. ఆ టక్‌మన్న చప్పుడు చాలావరకు దానిదే. 1861లోనే థామస్ సట్టన్ అనే ఇంగ్లీషాయన ఇలాంటి ఏర్పాటుకి పేటెంటు తీసుకున్నాడు.

సరే, నా చదువు ఎలా సాగిందో వినండి. మొదటిరోజు లోవ కొండ మీద, తలుపులమ్మ తల్లి గుడి దగ్గర, మిట్టమధ్యాహ్నం ఫోటోలు తీశాను. మా ఆడపడుచు మొహం బొగ్గులాగా, వెనక ఆకాశం సున్నం కొట్టినట్టు! నలభై ఫోటోల్లో ఒక్కటి బాగోలేదు. ఏడుపొచ్చినంత పనైంది. అప్పుడు తట్టింది, నలభై పాడైనా నాకు నయాపైసా ఖర్చు కాలేదని. మా మావయ్య మూడు రీళ్ళు చించినా నాకిన్ని తప్పులు చేయనిచ్చేవాడు కాదు!

ఆ తర్వాత నెమ్మదిగా మూడు సంగతులు నేర్చుకున్నాను. మున్సిపాలిటీ కుళాయి కింద బిందె పెట్టామనుకోండి. కుళాయి ఎంత తిప్పాం, ఎంతసేపు వదిలాం, ఈ రెండింటితోనే బిందె నిండుతుంది. కెమేరాలో కుళాయి తిప్పడం లాంటిది లెన్సులోని రంధ్రం, వదిలేసిన సమయం లాంటిది షట్టరు. ఇక బిందె పెద్దదా చెంబు చాలా అన్నది ఐ.ఎస్.ఓ. అంకె చెబుతుంది. ఆ అంకె పెంచితే కాస్త వెలుతురే చాలు గాని, బొమ్మ మీద ఇసక చల్లినట్టు చుక్కలొస్తాయి.

నన్ను బాగా తికమక పెట్టింది రంధ్రం అంకె. రెండంటే పెద్ద రంధ్రమట, పదహారంటే చిన్నదట! కొబ్బరికాయని ఇద్దరికి పంచితే పెద్ద చెక్క, పదహారుమందికి పంచితే చిన్న ముక్క, అంతే అని తర్వాత అర్థమైంది. లెన్సుకి యాభై మిల్లీమీటర్లని రాసి వుంటే, దాన్ని రెండుతో భాగిస్తే ఇరవై అయిదు మిల్లీమీటర్ల రంధ్రం, పదహారుతో భాగిస్తే మూడు. ఎండలో వంద ఐ.ఎస్.ఓ. పెట్టి, రంధ్రం పదహారులో వుంచి, సెకనులో నూట ఇరవై అయిదో వంతు షట్టరు పెడితే ఇంచుమించు సరిపోతుంది. మీరూ మొదలుపెడితే పొద్దున్న ఎనిమిదింటిలోపు గాని, సాయంత్రం నాలుగు దాటాక గాని తీయండి. మనిషిని నడి ఎండలో కాక వసారాలో గుమ్మం పక్కన కూర్చోబెట్టండి. దీన్‌దయాళ్ గారికీ ఈ లెక్కలే. ఆయన పలక గాజుది, నాది కార్డు, అంతే తేడా.

మొన్న వేసవిలో మా అత్తగారు ఆవకాయకి కాయలు కొట్టిస్తున్నారు. మా తునిలో మావిడికాయల రోజులంటే మీకు చెప్పక్కర్లేదు. ముక్కల్లోంచి జీడి తీసి పాతగుడ్డతో తుడుస్తూ వసారాలో కూర్చున్నారు. నేను కెమేరా ఎత్తగానే పమిట సర్దుకుని, ఊపిరి బిగబట్టి, రేషను కార్డు మొహం పెట్టేశారు. "మీ పని మీరు చూసుకోండి అత్తయ్యా" అని పది నిమిషాలు ఊరుకున్నాను. ఆవిడ నన్ను మరిచిపోయి పక్కింటావిడతో ఏదో చెబుతూ నవ్వారు. అప్పుడు నొక్కాను.

వెనక తెరమీద చూపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేనిలా నవ్వుతానా?" అన్నారు. డెబ్భై రెండేళ్ళకి ఆవిడకి తన నవ్వు కనిపించింది.

కాసేపయ్యాక చేతులు కడుక్కుని వచ్చి, "ఏదీ, ఆ పట్టీ నా మెళ్ళో వెయ్యి. నీదెవరు తీస్తారూ?" అన్నారు. తీశారు. చెయ్యి వణికి బొమ్మ చెదిరింది. సగం నేను, సగం గోడ. మా వారు తీసేయమన్నారు గాని నేను తీసేయలేదు. ప్రింటు వేయించి, మా అమ్మ మూడు ఫోటోల పక్కన పెట్టుకున్నాను.

మీ ఇంట్లో కెమేరా వుంటే, అది ఎవరిదైనా సరే, ఓసారి అడిగి పుచ్చుకోండి. నలభై ఫోటోలు పాడుచేయండి. నలభై ఒకటోది మీ అమ్మగారిది కావచ్చు.