మంచం కింది శ్రోత: కథాకావ్యం నుంచి ‘దిద్దుబాటు’ దాకా

తెలుగులో తొలి కథానిక ఏది అన్న చర్చ చాలాకాలంగా తేదీల చుట్టూ తిరుగుతోంది. 1910 ఫిబ్రవరి ‘ఆంధ్రభారతి’లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ను మొదటిదిగా నిలిపినవారున్నారు. 1902లో ‘హిందూ సుందరి’లో వెలువడిన భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ని దానికి ముందుంచినవారున్నారు. ప్రచురణకాలాన్ని బట్టి రెండో వాదమే నిలుస్తుంది. అందులో వివాదానికి తావు లేదు. అయితే తేదీ తేలినంత మాత్రాన కథనపద్ధతిలో ఏం మారిందో తేలదు. కథ సాగడానికి చెప్పేవారొకరు, వినేవారొకరు ఉండాలి. మన కథన చరిత్రలో చెప్పేవారిని గురించి జరిగినంత పరిశీలన వినేవారిని గురించి జరగలేదు. రచనలో శ్రోత స్థానం ఎక్కడ అన్న ప్రశ్నతో ‘దిద్దుబాటు’ను మళ్లీ చదవడం ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాచీన కావ్యంలో శ్రోత బహిరంగంగానే ఉంటాడు. భారతకథను నైమిశారణ్యంలో శౌనకాది మునులకు సూతుడు చెబుతాడు. ఆ కథలోపల జనమేజయునికి వైశంపాయనుడు చెబుతాడు. ఈ రెండు అరలకు తెలుగు కవి తనదిగా మూడోది చేర్చాడు. ఆశ్వాసాదిలోనూ ఆశ్వాసాంతంలోనూ కృతిపతిని సంబోధించే పద్యాలను మనం అలంకారంగా భావించి దాటిపోతుంటాం. కథనదృష్టితో చూస్తే, ఎవరి ఎదుట ఈ కథ నడుస్తోందో మరిచిపోకుండా చేసే ఏర్పాటు అది. తిక్కన తన కృతిని హరిహరనాథునికి అంకితం చేసినప్పుడు శ్రోత స్థానంలో రాజుకు బదులు దైవం వచ్చి కూర్చున్నాడు. శ్రోత మారాడే గాని ఆ పీఠం ఖాళీ కాలేదు.

కథాకావ్యాల్లో ఈ పీఠం మరింత ముఖ్యమైంది. పదిహేనో శతాబ్దపు కొరవి గోపరాజు ‘సింహాసన ద్వాత్రింశిక’లో భోజుడు సింహాసనం ఎక్కబోయినప్పుడల్లా ఒక బొమ్మ అడ్డుపడి విక్రమార్కుని కథ చెబుతుంది. పాలవేకరి కదిరీపతి ‘శుకసప్తతి’లో భర్త ఊళ్లో లేనివేళ గడప దాటబోతున్న ఇల్లాలిని చిలుక తన కథలతో నిలుపుతుంది. అనంతామాత్యుని ‘భోజరాజీయము’లోని గోవ్యాఘ్ర సంవాదంలో మాట్లాడేది ప్రాణం మీదికి వచ్చిన ఆవు, వినేది ఆకలిగొన్న పులి. ఈ మూడు చోట్లా మాటకు పని ఉంది: ఎదుటివారిని ఒక చర్య నుంచి ఆపాలి, లేదా ఒక చర్యకు ఒప్పించాలి. అందుకే ఈ కావ్యాలను ఉపకథల మూటలుగా మాత్రమే చూడడం అన్యాయమని నా అభిప్రాయం. పై చట్రం తీసివేస్తే లోపలి కథలు మిగులుతాయి గాని, వాటిని చెప్పవలసిన అవసరం మిగలదు.

ముద్రణయుగం వచ్చాక కూడా ఈ పద్ధతి వెంటనే పోలేదు. చిన్నయసూరి ‘నీతిచంద్రిక’ (1853) వచనరచనే. అయినా విష్ణుశర్మ ఎదుట రాజకుమారులున్నారు, మిత్రభేదంలో కరటక దమనకులు ఒకరినొకరు కథలతోనే ఒప్పించుకుంటారు. కాని అచ్చుపుస్తకం చదివేవాడు రచయితకు కనిపించడు. అతని పేరు తెలియదు, అతను ఎప్పుడు చదువుతాడో తెలియదు. అతన్ని పేరుపెట్టి సంబోధించే వీలు లేదు. అలాంటప్పుడు పాత పీఠాన్ని ఏం చేయాలన్నది పత్రికల్లో కథలు రాయబూనినవారి ముందున్న అసలు సమస్య.

‘దిద్దుబాటు’లో గురజాడ ఏం చేశాడో గమనించాలి. పై చట్రాన్ని పూర్తిగా తొలగించాడు. ఎవరు ఎవరికి చెబుతున్నారన్న ప్రస్తావన లేకుండానే అర్ధరాత్రి దాటాక ఇల్లు చేరిన గోపాలరావు తలుపు దగ్గర కథ మొదలవుతుంది. గదిలో భార్య లేదు. ఆమె ఉత్తరం ఉంది. పాఠకుడు అతనితోపాటే లోపలికి వస్తాడు, అతనితోపాటే ఉత్తరం చదువుతాడు. అతనికి తెలిసినదానికన్నా ఒక్క ముక్క కూడా ఎక్కువ తెలియదు. కథకుడు తన జ్ఞానాన్ని ఒక పాత్ర జ్ఞానం మేరకు ఇలా కుదించుకోవడాన్ని విమర్శకులు తరచు ఎత్తిచూపారు. దానికన్నా ఆసక్తికరమైన భాగం ఆ తరువాత ఉంది.

గోపాలరావు నౌకరు రాముణ్ణి చంద్రవరం పంపదలచాడు. పుట్టింటికి వెళ్లిందనుకున్న కమలినికి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో అతనికి నేర్పుతాడు. ఇది సాక్షాత్తూ కథాకావ్యపు సన్నివేశమే. చెప్పేవాడున్నాడు, మాటలతో సాధించవలసిన పని ఉంది, ఆ పని ఒక స్త్రీ మనసు మార్చడం. లేనిదల్లా శ్రోత. లేదని గోపాలరావు అనుకుంటున్నాడు, మనమూ అనుకుంటున్నాం. మంచం కింది నుంచి నవ్వు వినబడేదాకా ఆమె అక్కడే ఉండి అన్నీ విన్న సంగతి ఇద్దరికీ తెలియదు. చట్రంలోంచి తొలగించిన శ్రోతను గురజాడ కథలోపలే, కంటికి ఆననిచోట కూర్చోబెట్టాడు. బొమ్మలకు తమ ఎదుట భోజుడున్నాడని తెలుసు, చిలుకకు తన శ్రోత ఎవరో తెలుసు. ఇక్కడ తన మాట ఎవరి చెవిన పడుతోందో చెప్పేవాడికే తెలియదు. అచ్చులో రాసే రచయిత స్థితి ఇదే గదా అనిపిస్తుంది. గురజాడ అలా ఉద్దేశించాడని నిరూపించే ఆధారమేదీ నేను చూపలేను. పాఠం అలా చదవనిస్తుందని మాత్రమే చెప్పగలను.

మంచం కింద దాగడం గురజాడకు కొత్త కాదు. ఏడాది ముందు, 1909లో, వెలువడిన ‘కన్యాశుల్కం’ రెండో కూర్పులో మధురవాణి ఇంట్లో మంచం కిందికి మొదట రామప్పంతులు, ఆ తరువాత గిరీశం చేరతారు. పూటకూళ్లమ్మ చీపురు దెబ్బ ఎవరికి తగిలిందో తెలిసిందే. అక్కడ హాస్యమంతా ప్రేక్షకుడికి ముందే తెలిసి ఉండడంలో ఉంది. రంగస్థలం మీద మంచం కింద మనిషిని పాత్రల నుంచి దాచవచ్చు, ఎదుట కూర్చున్నవారి నుంచి దాచడం కష్టం. అచ్చుకథకు ఆ కష్టం లేదు. చెప్పకపోతే చాలు, ఆ మనిషి లేనట్టే. ఒకే ఉపాయాన్ని రెండు ప్రక్రియల్లో వాడి, రెండింటి హద్దులూ ఎక్కడున్నాయో గురజాడ చూపినట్టయింది. నాటకంలో తెలియడం వల్ల నవ్వు పుట్టింది. కథలో తెలియకపోవడం వల్ల చివరి నవ్వుకు బలం వచ్చింది.

ఈ నేర్పంతా ఆంగ్లకథానిక నుంచి వచ్చిందన్న అభ్యంతరం రావచ్చు. గురజాడ ఆంగ్లసాహిత్యం క్షుణ్ణంగా చదివినవాడు, కథానికారూపం అటు నుంచే వచ్చింది. ఇందులో దాచవలసిందేమీ లేదు. ఐతే ఒక రూపం వచ్చి చేరినప్పుడు అక్కడ అప్పటికే ఉన్న అలవాట్లు ఏమయ్యాయన్నది వేరే ప్రశ్న. తరగతిలో ఈ కథ చెప్పినప్పుడు విద్యార్థులు చివరి మలుపునే పట్టుకుంటారు. రెండోసారి, మంచం కింద కమలిని ఉన్నదని తెలిసి చదవమంటే కథ స్వరూపమే మారిపోతుంది. ఆడవారికి చదువు చెప్పించడం మీద రాముడి విసుగు, రాముడి మీద గోపాలరావు కోపం, ఆ వెంటనే మెత్తబడడం, పశ్చాత్తాపం, అన్నీ ఆమె వింటూండగా అన్న మాటలవుతాయి. మొదటి పఠనంలో స్వగతమైనది రెండో పఠనంలో వాఙ్మూలమవుతుంది. దిద్దుబాటు జరిగింది ఉత్తరం వల్లనా, ఆమె వినడం వల్లనా అన్నది అప్పుడు తేలిగ్గా జవాబు చెప్పగలిగిన ప్రశ్న కాదు. గోపాలరావు అంత శ్రద్ధగా నేర్పిన మాటలు మాత్రం రాముడి నోట కమలినిని చేరవలసిన అవసరమే రాలేదు. అతను చంద్రవరం బయలుదేరనే లేదు.