కూలివాని చేతికి వెల

బందరు, గుడివాడ, దివిసీమ యనిన వెంటనే మనకు వరిచేలును ఉప్పెనలును స్ఫురించును. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరునందు వేలకొలది జనులు నీటఁగలసిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమ వంతు వచ్చెను. అట్టి వేళల దేశమంతయు చందాలు పంపును. బియ్యపుమరలో బెల్టునఁ జిక్కి యొక్క కూలివాని చేయి తెగినచో చందా వేయువారెవరు?

1855లో బెజవాడ యానకట్ట ముగిసెను. నీరు వచ్చినది, వరి పెరిగినది, వరి వెంట మరలు వచ్చినవి. ఆ యేఁటనే, ప్రమాదమరణములకు నష్టము రాబట్టుకొనుటకై యొక శాసనమును బుట్టెను. కాని యజమాని తప్పును వితంతువు సివిలు కోర్టులో రుజువు చేయవలెను. వకీలు ఫీజునకే గతిలేని యామె కది చందమామను చూపుటయే!

జర్మనీ 1884లో పనిప్రమాదములకు భీమా నేర్పఱచెను. ఇంగ్లండు 1897లో యజమాని తప్పుతో నిమిత్తము లేకుండ పరిహార మిప్పించెను. మన దేశమున నట్టి శాసనము 1923లోఁ బుట్టి, 1924 జూలై 1 నుండి యమలయ్యెను. నెలకు 15 రూపాయల కూలివాఁడు పనిలో మరణించినచో ముప్పదినెలల జీతము, అనఁగా 450 రూపాయలు. కుడిచేయి మోచేతికడ తెగినచో పూర్ణవైకల్యపు పరిహారములో నూటికి 70 వంతులు, అనఁగా 441. ఎడమచేతికి 60 వంతులే. ఎడమచేతివాటము వాని మాట శాసనకర్తలకుఁ దోఁచినట్లు లేదు!

అయినను ఆ శాసనమున మెచ్చఁదగినవి రెండు కలవు. మరణపరిహారమును కమీషనరు కడనే జమకట్టవలెను. హక్కు వదలుకొంటినని కూలివానిచే వేలిముద్ర వేయించుకొన్న కాగితము చెల్లదు.

కాని ధన మెచ్చటనుండి వచ్చును? శాసనము యజమానిపై ఋణమును మోపినదే కాని భీమా చేయుమని నిర్బంధింపలేదు. యజమాని భీమా చేసి దివాలా తీసినచో కంపెనీపై హక్కు కూలివానికి సంక్రమించును. భీమా లేనివాఁడు దివాలా తీసినచో మిగులునది తీర్పు కాగితము. బందరువారికి భీమా తెలియని విద్య కాదు. ఆ 1923లోనే పట్టాభి సీతారామయ్యగారు అచ్చట ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ వెలసెను. తన ప్రాణమునకు భీమా చేసికొనుట గృహస్థునకు ధర్మముగాఁ దోఁచినది. తన మరలోని వాని చేతికిఁ జేయుట మాత్రము దండుగ ఖర్చుగాఁ దోఁచు యజమానులను మన మెఱుఁగమా?

లారీ విషయమున 1939 మోటారు శాసనపు భీమానిర్బంధము 1946లో అమలునకు వచ్చెను. డ్రైవరునకుఁ జెల్లవలసిన పరిహారమును అందులోఁ జేరెను. ఆ లారీపై ధాన్యపు బస్తాలెత్తు హమాలీని మరలోఁ బెట్టుకొన్న యజమానికి అట్టి నిర్బంధము లేకపోయెను. 1948 నాటి ఇ.ఎస్.ఐ. శాసనము పెద్ద కర్మాగారములను మాత్రమే ముందుగాఁ గప్పెను. 1923 శాసనమునకు 2010లో పేరు మాఱెను. తరువాత అది 2020 నాటి సామాజికభద్రతా స్మృతిలోఁ గలిసెను.

ఇఁక చేనికూలీల కథ. శాసనపు పట్టికలో వ్యవసాయము తరువాతఁ జేరినది, అదియు ట్రాక్టరు వంటి యంత్రములతో దున్నువారికే. దివిసీమలో మోకాలిలోఁతు బురదలో నాట్లు వేయుచు పాముకాటునఁ బడిన స్త్రీకి ఆ పట్టికలో చోటు దొరకలేదు.